కిందింటి ఛాంగ్

నవంబరు నెలాఖరులో ఆఖరి ట్రెక్కింగు జట్టు దిగిపోయిన మర్నాడు మా చెల్లెలి మొగుడు నుర్బు లాడ్జి తాళాల గుత్తి నా చేతిలో పెట్టి మూడు సంగతులు చెప్పాడు. రోజూ పొయ్యి వెలగాలి, మన గొట్టంలోంచి పొగ లేవని రోజంటూ ఉండకూడదు. కప్పు మీద మంచు మోకాలి లోతు దాటకూడదు. మూడోది చెప్పేటప్పుడు, వినేవాళ్ళెవరూ లేకపోయినా, గొంతు తగ్గించాడు.

"కిందింటి గడప తొక్కకు వదినా. ఈసారి కాపలాకి ఎవణ్ణో కొత్తవాణ్ణి పెట్టాడట ఆయన. వాడు పలకరించినా పలక్కు."

"మరి నాలుగు నెలలు ఎవరితో మాట్లాడమంటావు? నీ జడలబర్రెలతోనా?"

"బర్రెలే నయం. విన్నది ఇంకోచోట చెప్పవు."

నా చెల్లెలు ఫుటీ అప్పటికే మూటలు కట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. దానికి చలికాలం వస్తే ఖాట్మండు గుర్తొస్తుంది, ఖాట్మండు గుర్తొస్తే ఇక ఇక్కడ ఒక్క పూట నిలవలేదు. వెళ్ళేముందు నా చెయ్యి నొక్కి, చెవిలో "మరీ తోచకపోతే పలకరించవే అక్కా. నేను విన్లేదనుకుంటా" అంది. వాళ్ళిద్దరూ లోయ మలుపు తిరిగేదాకా చూసి లోపలికొచ్చి పొయ్యి రాజేశాను.

లుంగ్‌సాలో ఉన్నవి రెండే ఇళ్ళు. రెండూ లాడ్జీలే. కిందిల్లు నుర్బు అన్న గ్యాల్జెన్‌ది, పైయిల్లు నుర్బుది. మధ్యలో రెండు బంగాళాదుంపల మళ్ళు. ఆరేళ్ళ కిందట గ్యాల్జెన్ తన ఇంటి మీద ఇంకో అంతస్తు లేపాడు. దాంతో నుర్బు భోజనాల గది కిటికీలోంచి తెల్లకొండ మాయమైపోయింది. ఆ కొండను చూడ్డానికే దేశదేశాల నుంచి వగరుస్తూ ఎక్కొచ్చే జనం, పక్కింటి రేకుల గోడ చూస్తూ భోంచెయ్యమంటే చేస్తారా? కిందింట్లోనే దిగేవారు. అన్న కొండను దొంగిలించాడని తమ్ముడు, నా ఇంటి మీద నేను కట్టుకుంటే నీకేమని అన్న. అంతే, ఆనాటి నుంచి మాటల్లేవు. నామ్చే సంతలో ఎదురుపడితే ఒకడు ఉల్లిపాయలు ఏరుతున్నట్టు వంగేవాడు, ఇంకొకడు వానొస్తుందేమోనని ఆకాశం చూసేవాడు.

నా పెనిమిటి పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు. పిల్లల్లేరు. ఫుటీ ఇల్లే నా ఇల్లు. నుర్బు కోపిష్ఠే గాని చెడ్డవాడు కాదు, ఒక్కనాడూ నన్ను తిండి లెక్క చూసి మాట్లాడలేదు. అందరూ దిగిపోయాక అంత పెద్ద లాడ్జిలో ఒక్కత్తినీ ఎలా ఉంటానోనని నామ్చేలో ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకునేవారు. వాళ్ళకేం తెలుసు? సీజన్లో తెల్లవాళ్ళు పడుకునే ఒకటో నంబరు గదిలో మూడు రజాయిలు కప్పుకుని పడుకునేదాన్ని. తొమ్మిదిన్నరకి ఎండ పడేదాకా లేవమనేవాళ్ళు లేరు. లేచి దేవుడి ముందు ఏడు గిన్నెల్లో నీళ్ళు పోసి, ధూపానికి జునిపెరు ఆకు కాల్చి, బర్రెలకు గడ్డేసి, ఉప్పు టీ కాచుకుని ఎండలో కూర్చునేదాన్ని. సాయంత్రానికి దేవుడి నీళ్ళు గడ్డకట్టేవి. దేవుడికి లేని తొందర నాకెందుకని మర్నాడు ఎండలో కరిగించి పారబోసేదాన్ని.

పదకొండు రోజులు నుర్బు మాట నిలబెట్టాను. పన్నెండోనాడు వాగు దగ్గర నా గొడ్డలి పిడి విరిగింది. చలికాలం గొట్టాల్లో నీళ్ళుండవు, వాగు మీద మంచు పగలగొట్టి తోడుకోవాలి. ఆ గుంట ఒక్కటే, రెండిళ్ళకూ అదే. నేను విరిగిన పిడి పట్టుకుని నిలబడితే, అవతలి ఒడ్డున కిందింటి కాపలా మనిషి నన్ను చూశాడు. పొట్టిగా, వెడల్పుగా, చెవుల దాకా టోపీ లాక్కుని ఉన్నాడు. ఏమీ అనకుండా తన గొడ్డలిని మంచు మీద జార్చి నా కాళ్ళ దగ్గరికి పంపాడు. నేను నాలుగు దెబ్బలు వేసుకుని, నీళ్ళు తోడుకుని, అలాగే జార్చి పంపేశాను. మాట అన్లేదు, వినలేదు. నుర్బు ఆజ్ఞ చెక్కు చెదరలేదు.

మర్నాడూ అంతే. మూడోనాడు అతను తన నీళ్ళ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని దానితో అన్నాడు.

"ఒసే డబ్బా, పైయింటావిడ మూగదటే. పాపం, మనిషి చూస్తే లక్షణంగా ఉంది."

నాకు ఒళ్ళు మండింది. నా డబ్బా వైపు తిరిగాను.

"విన్నావుటే డబ్బా? యాస చూస్తే కిందింటాయన సొలు మనిషిలా ఉన్నాడు. సొలు వాళ్ళకి మనుషులు దొరక్క డబ్బాలతో కాపురం చేస్తారట."

"డబ్బా, ఆవిడకి చెప్పవే. మా సొలులో చెట్లుంటాయని. ఇక్కడిలా రాళ్ళు ఏరుకుని బతకమని."

"అంత చెట్లున్న ఊరొదిలి ఈ రాళ్ళలోకి ఎందుకొచ్చాడో కనుక్కోవే డబ్బా."

అతను నవ్వేశాడు. ముందు పళ్ళలో ఒకటి లేదు. పేరు ఉర్కెన్ అని, ఇరవయ్యేళ్ళు ట్రెక్కింగు జట్ల వెంట వంట చేశాడని, పెళ్ళి చేసుకునే తీరిక దొరకలేదని, తల్లీ తండ్రీ పోయారని, ఇవన్నీ ఆ వారంలో డబ్బాల నోటే తెలిశాయి. డబ్బాతో మాట్లాడవద్దని నుర్బు చెప్పలేదు కదా.

డిసెంబరు సగానికి కిందింట్లో పిడకలు అడుగంటాయి. గ్యాల్జెన్ సీజన్లో జనం కోసం గదంతా వేడెక్కించి, చలికాలానికి పచ్చి పిడకలు మిగిల్చి పోయాడు. అవి పొగ తప్ప మంట ఇవ్వవు. ఒకనాడు ఉర్కెన్ కళ్ళు ఉబ్బి, ఎర్రగా, ఏడ్చినవాడిలా వచ్చాడు వాగుకి.

"ఎవరు పోయారు?" అన్నాను. డబ్బాను పక్కన పెట్టి నేరుగా మాట్లాడింది అదే మొదలు.

"నేనే పోయేట్టున్నా పైయింటావిడా. లోపల పొగ, బయట చలి. ఏది నయమో చూసుకుంటూ గుమ్మంలో కూచుంటున్నా."

నేను కాసేపు ఆలోచించాను. కిందింటి గడప తొక్కకు అన్నాడు నుర్బు. కిందింటాయన మన గడప తొక్కకూడదని అన్లేదు. రెండు పొయ్యిల్లో పిడకలు తగలెయ్యడం కంటే ఒక పొయ్యి దగ్గర ఇద్దరు కూర్చుంటే నుర్బు పిడకలకే లాభం. ఇలా అన్ని వైపుల నుంచీ న్యాయం నా పక్షానే కనబడింది.

"పచ్చి పిడకలు తెచ్చి మా పొయ్యి చుట్టూ పేర్చు, ఆరతాయి. ఆరేదాకా ఇక్కడే కూచో. తిండి మాత్రం నీది నువ్వు తెచ్చుకో" అన్నాను.

తెచ్చుకున్నాడు. బంగాళాదుంపలు, ఎండు మాంసం, ఒక బస్తా బియ్యం. ఇరవయ్యేళ్ళు వంట చేసినవాడికి పిజ్జాలు, నూడిల్స్ వచ్చు గాని రికికుర్ రాదు. బంగాళాదుంప తురిమి నీళ్ళు పిండకుండా పెనం మీద వేస్తే అది అట్టవుతుందా, జావవుతుందా?

"ఇది తెల్లవాళ్ళు తిని బాగుందన్నారా?"

"అన్నారు. ఆకలిమీదున్నవాడు ఏదైనా బాగుందంటాడు. కొండ దిగాక తిట్టుకునుంటారు."

"ఇలా తే. చూసి నేర్చుకో. పిండాలి, పిండి అడుగున పేరిన గంజి మళ్ళీ కలపాలి. వెన్న పైనే కాదు, కింద కూడా."

ఆ నెల నేను తిన్నంత ఎప్పుడూ తినలేదు, నవ్వినంత ఎప్పుడూ నవ్వలేదు. అతను వచ్చి ఊరికే కూర్చునే రకం కాదు. వంగిపోయిన తలుపులు సరిచేశాడు, కిటికీ సందుల్లో ఉన్ని కూరాడు, బర్రె గిట్టలో దిగిన రాయి తీశాడు. మధ్యాహ్నం మూడింటికి ఎండ కొండ వెనక్కి పోగానే లేచి, ఆరిన పిడకలు బుట్టలో వేసుకుని, "ఉంటా పైయింటావిడా" అని దిగిపోయేవాడు. ఆ వేళ నుంచి మర్నాడు ఎండ పడేదాకా ఉన్న సమయం నాకు అంతకుముందు ఎప్పుడూ అంత పొడుగ్గా అనిపించలేదు. అది నేను గమనించాను గాని, గమనించనట్టు బర్రెలకు ఇంకో మోపు గడ్డి వేసేదాన్ని.

జనవరిలో మూడు రోజులు ఆగకుండా మంచు పడింది. నాలుగోనాడు తెరిపిచ్చింది. ఆ పొద్దున కప్పు దూలం ఫట్‌మంది. నేను బయటికొచ్చి చూస్తే రేకుల మీద నడుము లోతు మంచు, మధ్యలో కప్పు పళ్ళెంలా వంగి ఉంది. పార పట్టుకుని నిచ్చెన ఎక్కబోయి, కిందింటి వైపు చూశాను. ఉర్కెన్ బయల్దేరే ఉన్నాడు. రెండు మళ్ళ దూరం రావడానికి, మంచులో దారి తవ్వుకుంటూ, అతనికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ నేను పైన పార వేస్తూనే కేకలేశాను.

"అక్కడే ఉండు! దారి లేదు!"

"దారి ఉంటే తవ్వడమెందుకు!"

ఇద్దరం కలిసి చీకటి పడకముందే కప్పు దులిపేశాం. ఆఖరి పార వేస్తూ అతను జారి తలకిందులుగా మంచులో దిగబడిపోయాడు. రెండు బూట్లు మాత్రం పైకి కనబడుతున్నాయి. నేను ముందు హడలిపోయాను, బూట్లు కదిలాక కూలబడి నవ్వాను. మర్నాడు చీలిన దూలానికి జడలబర్రె తాడు ఎనిమిది చుట్లు బిగించి కట్టాడు. ఆ ఇల్లు ఆ చలికాలం నిలిచిందంటే అతనివల్లే నిలిచింది. అందులో నా నోటి సాయం తప్ప నాది పెద్దగా లేదు.

అది జరిగిన పదిహేను రోజులకి, ఎండ బాగా కాసిన రోజున, నేను పొద్దుటి నుంచీ గడ్డి మోపులు మోసి నోరెండిపోయి ఉన్నాను. ఉర్కెన్ వచ్చాడు. తల దువ్వుకున్నాడు, టోపీ లేదు, శుభ్రమైన కోటు వేసుకున్నాడు. భుజం మీద చెక్క పీపా. ఛాంగ్, అంటే మా బియ్యపు కల్లు, చేశానన్నాడు. ఆ బస్తా బియ్యంలో కొంత వండి, కిందింట్లో రజాయి కింద పెట్టి పదిరోజులుగా పులియబెడుతున్నాడని నాకు ముందే అనుమానం, అతని కోటు వాసన చెప్పేది.

నేను చెయ్యి కడుక్కుని గిన్నె తెచ్చాను. అతను పోశాడు, నేను తాగాను. తియ్యగా ఉంది, చివర్న నాలిక మీద చిన్న పులుపు. బాగా కుదిరింది. రెండో గిన్నె పోశాడు. "కూచోవోయ్, జెండా కర్రలా ఏంటా నిలబడ్డం" అన్నాను. కూచోలేదు. మూడో గిన్నె కూడా నేను గటగటా తాగి మూతి తుడుచుకున్నాక అన్నాడు.

"యాంగ్జీ, ఇక నేను అడగొచ్చా?"

పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. నేను తలెత్తి చూశాను. అతను పీపా మూతి వైపు చూపించాడు. అంచు మీద మూడు వెన్నబొట్లు. గడ్డి మోస్తూ దాహంతో వచ్చినదాన్ని, పీపా మూతి చూడకుండా గిన్నె చాచేశాను.

మా దగ్గర పెళ్ళి మాట మాటలతో అడగరు. మగవాడి వైపు పెద్ద ఒకాయన, మూతికి మూడు వెన్నబొట్లు పెట్టిన ఛాంగ్ పీపా మోసుకెళ్ళి, ఆడదాని ఇంటి పెద్ద ముందు పెడతాడు. ఆ పెద్ద తాగితే ఒప్పుకున్నట్టు. ముట్టకపోతే కాదన్నట్టు, పీపా ఎత్తుకుని మాట్లాడకుండా వెళ్ళిపోవాలి. తాగాక కాదన్న ఇంటి మాట ఆపైన లోయలో ఎవరూ నమ్మరు.

"నీకు మతి ఉందా? తన పెళ్ళికి తనే ఛాంగ్ మోసుకొచ్చేవాణ్ణి ఎక్కడన్నా చూశామా?"

"ఎవర్ని పంపను? నాకెవరున్నారు? మీ బర్రెను పంపుదామనుకున్నా, అది నీ వైపు చుట్టమాయె."

"నేను ఈ ఇంటి పెద్దని కాను. నేను తాగితే చెల్లదు."

"తాళాలు ఎవరి దగ్గరున్నాయి?"

నా చెయ్యి నడుం దగ్గరికి వెళ్ళింది. తాళాల గుత్తి అక్కడే ఉంది. తాళాలు ఎవరి నడుముకు ఉంటే పొయ్యి వాళ్ళది, ఆ పొయ్యి దగ్గర తాగింది ఇల్లు తాగినట్టే. ఇది నాకు తెలియదని బుకాయించడానికి లేదు. అప్పుడు ఇంకొకటి కనబడింది. పీపా పక్క చెక్క మీద కాల్చి వేసిన గుర్తు, మూడు గీతలూ ఒక అర్ధచంద్రమూ. అది గ్యాల్జెన్ ఇంటి గుర్తు.

"ఇది ఎవరి పీపా?"

"ఆ ఇంట్లో ఉన్నది అదొక్కటే. ఏం?"

"ఏమా! ఏ ఇంటి పీపాలో వస్తే ఆ ఇల్లు అడిగినట్టురా నాయనా! గ్యాల్జెన్ ఇల్లు నుర్బు ఇంటిని పిల్లనడిగింది. నుర్బు ఇల్లు తాగేసింది. వాళ్ళిద్దరూ ఖాట్మండులో ఎండకి కాళ్ళు చాపుకుని కూచున్నారు!"

అతని మొహం చూస్తే ఆ సంగతి అప్పుడే తట్టిందని తెలిసింది. సొలులో గుర్తులు కాల్చరు. పాపం, వెన్నబొట్ల గురించి పదిహేను రోజులు ఆలోచించినవాడు పీపా గురించి ఒక్క నిమిషం ఆలోచించలేదు. నాకు కోపం వచ్చింది, భయం వేసింది. అన్నిటికంటే ఎక్కువ సంతోషం వేసింది. నలభై ఒక్కేళ్ళ వయసులో ఒక మనిషి నా కోసం తల దువ్వుకుని వచ్చాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, గిన్నె మళ్ళీ చాచాను.

"పొయ్యవోయ్. ఎలాగూ మునిగాం."

కానీ మునిగింది నేనే. అతన్ని చేసుకోవాలని నాకుంది. నుర్బు కాదంటే, తాగి కాదన్న ఇల్లన్న మాట నుర్బు మీద నావల్ల పడుతుంది. అప్పుడు ఆ గడపలోకి నన్నెలా రానిస్తాడు? చెల్లెలిల్లు తప్ప నాకు పుట్టిల్లంటూ లేదు. దాన్ని వదులుకుని లేచిపోయే వయసూ కాదు, మనసూ లేదు. తాళాలున్నవాళ్ళు తాగినా, ఇంటి పెద్ద వచ్చి తనూ తాగితేనే మాట పూర్తవుతుంది. ఇక నుర్బు అవునని తాగాలంటే, పద్ధతి ప్రకారం గ్యాల్జెన్ ఆ పీపా మోసుకుని తమ్ముడి గుమ్మం ఎక్కాలి. ఆరేళ్ళుగా ఒకరి నీడ ఒకరు తొక్కని వాళ్ళు. అంతకంటే ఆ తెల్లకొండే కాస్త పక్కకి జరగడం తేలిక.

మర్నాడు ఇద్దరం ఫోను అందే గుట్ట మీదికి ఎక్కాం. ఉర్కెన్ గ్యాల్జెన్‌కి చేసి, నాకు వినబడేట్టు పెట్టాడు.

"ఏంటి ఉర్కెన్, గొట్టం పగిలిందా?"

"లేదన్నా. ఛాంగ్ చేశాను."

"చేస్తే తాగు. దానికి ఫోనెందుకు?"

"పైయింట్లో తాగారు."

ఖాట్మండులో ఎవరో హారన్ కొడుతున్నారు.

"ఎవరు తాగారు?"

"యాంగ్జీ."

"ఏ పీపా?"

"మన ఇంటి గుర్తు వేసి ఉన్నది."

"మూతికి వెన్న..."

"మూడు బొట్లు పెట్టానన్నా."

"నువ్వు మనిషివా?" అని ఫోను పెట్టేశాడు. మేము దిగబోతుంటే మళ్ళీ మోగింది.

"తాగిందా, ఊరికే పెదాలకి తగిలించిందా?"

"నాలుగు గిన్నెలు, అన్నా."

మళ్ళీ పెట్టేశాడు. తర్వాత నేను ఫుటీకి చేశాను. అది ముందు నవ్వింది, నవ్వి నవ్వి ఏడ్చింది, ఏడుస్తూనే అతని వంశం పేరడిగి, మనకు పనికొచ్చే వంశమేనని తేల్చుకుంది. "ఆయనకి నేను చెప్తాను, మంచి మూడ్‌లో ఉన్నప్పుడు" అంది. నుర్బు మంచి మూడ్‌లో ఎప్పుడున్నాడో, చెప్పిందో లేదో తెలియదు. ఆ రోజు నుంచి అతని దగ్గర్నుంచి ఒక్క ఫోనూ రాలేదు. అంతకుముందు వారానికోసారి నేను ఈ గుట్టెక్కే వేళకి ఫోను చేసి బర్రెల క్షేమం అడిగేవాడు.

ఫిబ్రవరిలో మా కొత్తేడాది పండగ లోసార్ మేమిద్దరమే చేసుకున్నాం. పద్ధతిగా ఉర్కెన్ కింద, నేను పైన ఎవరి మంత్రాల జెండాలు వాళ్ళం కట్టుకుని, తిండి దగ్గర మాత్రం కలిశాం. పెళ్ళి ఊసు ఎత్తలేదు. ఎత్తకపోయినా అది పొయ్యి పక్కన మూడో మనిషిలా కూచునే ఉండేది. ఒకసారి మాత్రం అతను పిడక విరుస్తూ అన్నాడు.

"వాళ్ళు కాదంటే నేను సొలు వెళ్ళిపోతా. నీకు మాట రానివ్వను. తాగింది నేనేనని చెప్తా."

"నీ ఛాంగ్ నువ్వే తాగి నిన్ను నువ్వే చేసుకున్నావనా? నోరు మూసుకుని పిడకలు విరువు."

అన్నానే గాని ఆ మధ్యాహ్నం అతను దిగిపోయాక చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాను. అతను లేని ఇంకో చలికాలం నేను పడలేనని ఆ వేళ నాకు బాగా అర్థమైంది.

మార్చి మొదటి వారంలో నుర్బు, ఫుటీ వచ్చేశారు. నుర్బు నా మొహం చూడలేదు. నేరుగా ఇల్లంతా తిరిగాడు. రజాయిలు చూశాడు, తలుపులు వేసి తీశాడు, అటకెక్కి దూలం దగ్గర ఆగాడు.

"ఇది ఎవరు కట్టారు?"

"కిందింటాయన."

తాడు లాగి చూశాడు. కదల్లేదు. దిగిపోయాడు. తాళాలు అడగలేదు, నేను ఇవ్వబోతే చూడనట్టు బర్రెల దగ్గరికి పోయాడు. అది మంచిదో చెడ్డదో ఫుటీకీ నాకూ తెలియలేదు. రెండ్రోజులకి గ్యాల్జెన్ వచ్చాడని కిందింటి రెండో గొట్టంలోంచి కూడా పొగ లేవడం చూసి తెలుసుకున్నాం. ఇంకో మూడు రోజులు ఎవరింటి పొగ వాళ్ళదే.

నాలుగోనాడు పంచాంగంలో మంచి రోజు. పొద్దున పదింటికి ఫుటీ కిటికీ దగ్గర్నుంచి "అక్కా!" అంది. మళ్ళ మధ్య దారిలో గ్యాల్జెన్ వస్తున్నాడు. కొత్త టోపీ, మెడలో మర్యాదకి వేసుకునే తెల్ల ఖతా కండువా, భుజం మీద పీపా. వెనక ఉర్కెన్ తల వంచుకుని. నుర్బు చూశాడు, లేచాడు, తలుపు వేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. పొయ్యి పక్క ఇంటి పెద్ద కూచునే బల్ల మీద కూచుని గోడకేసి చూశాడు.

గ్యాల్జెన్ గుమ్మంలో ఆగాడు. ఆరేళ్ళ తర్వాత ఆ గడప. కొద్దిగా తడబడి లోపలికొచ్చి, పద్ధతి ప్రకారం కింది బల్ల చివర కూచున్నాడు. అన్న కింద, తమ్ముడు పైన. అడగడానికి వచ్చినవాడు అంతే కూచోవాలి. అతను కూడా గోడతోనే మాట్లాడాడు.

"మా ఇంటి ఛాంగ్ ఈ ఇంట్లో తాగారట. మాకు చెప్పకుండా మా పనివాడు తెచ్చాడు. తెచ్చాక అది మా మాటే. సగంలో ఆగిన పని పూర్తి చేసి పోదామని వచ్చాం."

నుర్బు నా వైపు తిరిగాడు. వచ్చి ఆరు రోజులైంది, నా కళ్ళలోకి చూడ్డం అప్పుడే.

"వదినా, నిజంగా తాగావా? పరాకున నోట్లో పోసుకున్నదయితే లెక్కలోకి రాదు. అలా అయితే చెప్పు, నేను సర్దుకుంటా."

తప్పుకునే దారి చూపించాడు. అది నా మీద ప్రేమేనని నాకు తెలుసు. పరాకున తాగానంటే ఆయన ఇల్లూ పరువూ నాకు మిగులుతాయి, పీపా వెనక్కి పోతుంది. ఉర్కెన్ తలెత్తలేదు.

"మొదటి మూడూ పరాకే నుర్బు. నాలుగోది వెన్న చూసి తాగాను" అన్నాను.

ఫుటీ కొంగు నోట్లో కుక్కుకుంది. నుర్బు తల తిప్పుకుని, గిన్నె పెట్టమని సైగ చేశాడు. నేనే పెట్టాను. గ్యాల్జెన్ లేచి పీపాలోంచి కూజాలోకి వంపుకుని పోశాడు. ఇక బతిమాలాలి. మూడుసార్లు బతిమాలడం అడిగేవాడి వంతు. మూడోసారికీ ముట్టకపోతే అంతే సంగతులు.

"పైయింటి పెద్దలు పుచ్చుకోవాలి" అన్నాడు గ్యాల్జెన్.

నుర్బు గిన్నె వైపు చూశాడు. ముట్టలేదు.

"తమరు పుచ్చుకుంటే మా ఇంటికి గౌరవం."

ముట్టలేదు. పొయ్యిలో పిడక చిటపటలాడింది. ఫుటీ నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగుతున్నాయి. ఉర్కెన్ చెవులు ఎర్రబడ్డాయి. గ్యాల్జెన్ మూడోసారి అనడానికి నోరు తెరిచాడు. ఆ మూడో మాట ఏమనాలో లోయలో పిల్లలకి కూడా తెలుసు. ఆయన మర్చిపోయాడో ఏమో, ముందుకు వంగేసరికి చేతిలో కూజా ఒరిగింది. కొంచెం ఛాంగ్ నుర్బు మోకాలి మీద ఒలికింది. ఆయన కంగారుపడి, తన కోటు చేత్తో ఆ మోకాలు తుడుస్తూ, గోడ మర్చిపోయి తమ్ముడి మొహంలోకి చూశాడు.

"తాగరా చిన్నోడా" అన్నాడు.

నుర్బు గిన్నె తీసుకున్నాడు. రెండు చేతులతో పట్టుకుని, ఆగకుండా, అడుగు కనబడేదాకా తాగాడు. తాగి గిన్నె దించాక కూడా కాసేపు తలెత్తలేదు.

అతను నా పెళ్ళికి తాగాడో, ఆ ఒక్క పిలుపుకి తాగాడో, ఇంతవరకూ నేను అడగలేదు. నాకు కావలసింది ఆ గిన్నె ఖాళీ కావడం. అయింది.